ముందు షాకబ్జర్ కాయిల్‌దా, గాలిదా? ఉప్పుగాలికీ గట్టు దారికీ ఏది నిలుస్తుంది

శ్రీకాకుళం, విజయనగరం వైపు మౌంటెన్ సైకిల్ కొనేవాళ్లు ముందుగా చూసేది షాకబ్జర్నే. షాపులో హ్యాండిల్ పట్టుకుని నాలుగుసార్లు కిందికి నొక్కుతారు, మెత్తగా దిగితే బాగుందంటారు. అలా నొక్కితే తెలిసేది స్ప్రింగు మెత్తదనం ఒక్కటే. అసలు సంగతి, నొక్కి వదిలాక ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే, షాకబ్జర్ ఉండే రెండు కాళ్ల భాగం) పైకి ఎలా వస్తుందన్నదాంట్లో ఉంది. రెండు వానాకాలాలు గడిచాక విప్పి చూస్తే లోపల ఏం మిగిలిందన్నదాంట్లో ఉంది.

ఎంచుకోవాల్సింది మూడింట్లో ఒకటి: కదలిక లేని రిజిడ్ ఫోర్కు, లోపల ఉక్కు చుట్ట ఉండే కాయిల్ స్ప్రింగు ఫోర్కు, గాలే స్ప్రింగుగా పనిచేసే గాలి ఫోర్కు. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మీ బరువు 55 కిలోల లోపో 80 కిలోల పైనో ఉండి, వారంలో రెండు రోజులైనా మట్టిదారి ఎక్కేవాళ్లైతే గాలి ఫోర్కే సరి. దానితోపాటే ఫోర్కులో గాలి కొట్టే షాక్ పంపు కూడా కొనాలి. ఆ పంపు కొనే ఉద్దేశం లేకపోతే గాలి ఫోర్కు జోలికి వెళ్లకండి. 55కీ 80కీ మధ్య బరువుండి, రోజూ తారురోడ్డు మీద కాలేజీకో ఆఫీసుకో వెళ్తూ ఆదివారం ఒక్కపూట గట్టెక్కేవాళ్లకు హైడ్రాలిక్ లాకౌట్ (తారురోడ్డు మీద ఫోర్కు కదలకుండా ఆయిల్‌తో ఆపే ఏర్పాటు) ఉన్న కాయిల్ ఫోర్కు చాలు. పూర్తిగా తారురోడ్డే అయితే రిజిడ్ ఫోర్కు అన్నిటికంటే మేలు. అల్యూమినియంది కిలో చుట్టూ తూగుతుంది, పాడయ్యే భాగమే ఉండదు.

దారి ఏం అడుగుతుంది

ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల మధ్య ఇసుక బాటలున్నాయి. అక్కడ ఫోర్కు చేసేది తక్కువ, వెడల్పు టైరు చేసేది ఎక్కువ. 2.2 అంగుళాల టైరులో గాలి తగ్గిస్తే వచ్చే సుఖం కొత్త ఫోర్కు కొన్నా రాదు. 70 కిలోల మనిషి ట్యూబున్న టైరులో 45 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టుకుని ఫోర్కు గట్టిగా ఉందని బాధపడటం తరచూ చూస్తుంటాం. ముందు టైరును 28-30కి దించి ఒక వారం నడిపాక ఫోర్కు సంగతి ఆలోచించండి.

వంశధార, నాగావళి కాలువ గట్ల మీద పరిస్థితి వేరు. తడిలో ట్రాక్టరు టైరు వేసిన అచ్చు ఎండకు ఇటుకలా గట్టిపడుతుంది. గుంతలు చిన్నవే, కానీ ఊపిరాడకుండా వరసగా వస్తాయి. ఒక్కో గుంతలో ఫోర్కు రెండు సెంటీమీటర్లు దిగి, తరవాతి గుంత వచ్చేలోగా మళ్లీ పైకి రావాలి. నెమ్మదిగా వచ్చే ఫోర్కు పైకి రాకముందే మళ్లీ దెబ్బ తింటుంది. అలా దిగుతూ దిగుతూ పది గుంతలు దాటేసరికి అడుగంటి కర్రలా బిగుసుకుపోతుంది. స్ప్రింగు గట్టిదనుకుని గాలి తీసేస్తారు, పరిస్థితి ఇంకా పాడవుతుంది. అక్కడ తిప్పాల్సింది రీబౌండ్ నాబ్, అంటే ఫోర్కు పైకి వచ్చే వేగాన్ని మార్చేది.

శృంగవరపుకోట, గజపతినగరం వైపు కొండల మొదట్లో ఎర్ర గరప, పైకి తేలిన రాళ్లు. అక్కడికైనా 100 మి.మీ. ట్రావెల్ (ఫోర్కు దిగగలిగే దూరం) చాలు. 80 మి.మీ. ఫ్రేముకు 120 మి.మీ. ఫోర్కు వేస్తే ముందు భాగం లేస్తుంది, 20 మి.మీ. పెరిగితే హెడ్ యాంగిల్, అంటే ఫ్రేము మెడ వాలు, సుమారు ఒక డిగ్రీ వాలుతుంది. ఎక్కుడు దారిలో ముందు చక్రం తేలిపోతూ అటూ ఇటూ ఊగుతుంది, పైగా ఫ్రేము మెడ దగ్గర అతుకు మీద బరువు పెరుగుతుంది. ఫ్రేము ఎంత ట్రావెల్‌కు తయారైందో అంతే వేయండి.

కాయిల్ ఫోర్కులో ఉన్నదేమిటి

మన షాపుల్లో సైకిల్‌తోపాటు వచ్చేవి చాలావరకు సన్‌టూర్ కంపెనీ ఎక్స్‌సీటీ, ఎక్స్‌సీఎం తరహావి. బరువు రెండున్నర కిలోలకు అటూ ఇటూ. ఎక్స్‌సీటీ పైగొట్టాలు 28 మి.మీ. లావున్న ఉక్కువి, పైన క్రోమ్ పూత. ఎడమ కాలు నెత్తిన ఉండే నాబ్ ప్రీలోడ్‌ది. ఇక్కడే చాలామంది పొరబడతారు. ప్రీలోడ్ తిప్పితే స్ప్రింగు గట్టిదనం మారదు, మొదట్లోనే కొంచెం నొక్కిపెట్టి ఉంచుతుంది, అంతే. 90 కిలోల మనిషి ప్రీలోడ్ ఆఖరిదాకా బిగించినా పెద్ద గుంతలో ఫోర్కు అడుగంటుతూనే ఉంటుంది. 48 కిలోల అమ్మాయి పూర్తిగా వదులు చేసినా సగం ట్రావెల్ కూడా వాడదు. కంపెనీ మధ్యబరువు మనిషిని ఉద్దేశించి వేసిన స్ప్రింగు అది. మెత్తవి, గట్టివి విడిగా మన దగ్గర దొరకడం అరుదు.

పేరు చివర అక్షరాలు చదివి కొనండి. ఎంఎల్‌ఓ అంటే లాకౌట్ మెకానికల్, లోపల ఆయిల్‌తో పనిచేసే డాంపింగ్ (కదలిక వేగాన్ని అదుపు చేసే ఏర్పాటు) ఉండదు. హెచ్‌ఎల్‌ఓ అంటే హైడ్రాలిక్ లాకౌట్. ఎల్‌ఓ-ఆర్ అంటే లాకౌట్‌తోపాటు రీబౌండ్ నాబ్ కూడా ఉంది. ఒకే ఫోర్కు పేరు మీద ఇవన్నీ వస్తాయి, చూపుకు ఒకేలా ఉంటాయి. గట్టు దారికి ఈ చివరిదైతే మేలు. రీబౌండ్ అదుపు లేని ఫోర్కు నొక్కి వదిలితే టక్కున ఎగిరి చేతుల్ని తంతుంది.

కాయిల్‌కు పెద్ద బలం ఒకటుంది: నడిదారిలో మోసం చేయదు. సీలు (నీరు, దుమ్ము లోపలికి పోకుండా గొట్టం చుట్టూ ఉండే రబ్బరు) చిరిగినా, గ్రీజు ఎండినా కిర్రుమంటూ ఇంటికి తెస్తుంది. పెద్ద బలహీనత ఉప్పుగాలి. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి వైపు తీరానికి దగ్గర ఇల్లైతే ఉక్కు గొట్టాల మీద క్రోమ్ ఎంతోకాలం నిలవదు. గొట్టం వెనకవైపు, ముందు చక్రం బురద చిమ్మే చోట, గోధుమరంగు చుక్కలు ఆవగింజంత మొదలవుతాయి. గోరు పెట్టి లాగండి, జారిపోతే తుడిచి గ్రీజు రాస్తే సరిపోతుంది. గోరుకు తగిలితే ఆ చుక్క ఆకురాయిలా సీలు పెదవిని కోస్తుంది. సీలు తెగిందంటే లోపలికి నీరు వెళ్లినట్టే.

గాలి ఫోర్కు ఎవరికి లాభం

సన్‌టూర్ ఎక్స్‌సీఆర్ ఎయిర్, రేడాన్, రాక్‌షాక్స్ జూడీ, రీకాన్, మానిటూ మార్ఖోర్. ఇవి మధ్యరకం, రెండు కిలోల చుట్టూ తూగుతాయి. రాక్‌షాక్స్ రీబా ఇంకొంచెం తేలిక. సిడ్ ఎస్‌ఎల్, ఫాక్స్ 32 స్టెప్‌కాస్ట్ పోటీలకు చేసినవి, ఒకటిన్నర కిలోల లోపే. పోటీ ఫోర్కుకు వెచ్చించే డబ్బుతో మధ్యరకం ఫోర్కు, మంచి టైర్ల జత, షాక్ పంపు వచ్చేస్తాయి. పందేల్లో నిమిషాలు లెక్కపెట్టుకునేవాళ్లకు తప్ప మధ్యరకమే చెబుతాం.

గాలి ఫోర్కులో స్ప్రింగంటే గాలే. బరువు ఎంతైనా ఒత్తిడి మార్చితే సరిపోతుంది, తండ్రీ కొడుకులు ఒకే సైకిల్ వాడే ఇంట్లో ఇది పెద్ద సౌకర్యం. మధ్యరకం వాటిలోనూ కొన్నింటికి గొట్టాలు అల్యూమినియంవి, వాటికి ఎర్ర తుప్పు పట్టదు. కానీ గాలి గదిలో రబ్బరు సీళ్లున్నాయి. దుమ్ము వాటికి శత్రువు, వాడకుండా నెలల తరబడి మూలన పెట్టడం అంతకంటే శత్రువు. వేసవి సెలవులంతా ఎండ పడే వరండాలో ఉంచిన ఫోర్కు మొదటిరోజే దిగజారడం మామూలే.

ఎండకు ఒత్తిడి పెరుగుతుందన్నది నిజమే, భయపడేంత కాదు. తెల్లవారి 27 డిగ్రీల్లో 90 పీఎస్‌ఐ పెట్టిన ఫోర్కు మధ్యాహ్నం 42 డిగ్రీల్లో 95 దగ్గరకు వస్తుంది. చేతికి తేడా తెలుస్తుంది, ఫోర్కుకు నష్టం లేదు. కొలిచేటప్పుడు ఎప్పుడూ ఒకే వేళ కొలవండి, చాలు.

పేరూ ఊరూ లేని చవక గాలి ఫోర్కులు ఆన్‌లైన్‌లో బోలెడు. కొత్తలో బాగానే నడుస్తాయి. ఏడాది తిరిగాక సీలు కిట్ దొరకదు, లోపలి కొలతలు చెప్పే మాన్యువల్ ఉండదు. కొనేముందు ఆ మోడల్ పేరుతో సీలు కిట్ అమ్మకానికి ఉందో లేదో వెతకండి. లేకపోతే అది ఒక్కసారి వాడి పారేసే ఫోర్కు. అంతకంటే పేరున్న కాయిల్ నయం.

కొనేముందు సరిపోతుందా లేదా

పాత సైకిల్‌కు కొత్త ఫోర్కు వేసేటప్పుడు డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. స్టీరర్ గొట్టం (ఫోర్కు నుంచి ఫ్రేము మెడ గుండా హ్యాండిల్ దాకా వెళ్లేది) రెండు రకాలు: పైనుంచి కిందిదాకా 28.6 మి.మీ. ఉండే నేరు గొట్టం, కింద ఒకటిన్నర అంగుళాలకు లావయ్యే టేపర్ గొట్టం. నేరు గొట్టానికి చేసిన ఫ్రేములో టేపర్ చాలావరకు పట్టదు. ఇరుసు 9 మి.మీ. క్విక్ రిలీజా (లీవరుతో విప్పేది), 15×100 త్రూ యాక్సిలా (రంధ్రంలోంచి దూర్చి బిగించే లావు ఇరుసు), 15×110 బూస్టా (అదే, వెడల్పు ఎక్కువ) చూడండి. హబ్ (చక్రం మధ్యభాగం) మారిందంటే చక్రమే మారాలి. ముందు బ్రేకు రిమ్ మీద పట్టే వీ-బ్రేకు అయితే, దాన్ని బిగించే బొడిపెలు కొత్త ఫోర్కుల్లో చాలావాటికి ఉండవు. పాత ఫోర్కుది స్టీరర్ పొడవు కొలిచి, స్పేసర్లతో (హ్యాండిల్ కింద ఉండే రింగులతో) సహా రాసుకోండి. సెకండ్ హ్యాండ్ ఫోర్కు అంతకంటే పొట్టిగా కోసి ఉంటే ఎంత చవకైనా పనికిరాదు. కొత్తది కోసేటప్పుడు కొంచెం ఎక్కువే ఉంచండి. కోసిన గొట్టం మళ్లీ పెరగదు.

బరువుకు సెట్ చేయడం

గాలి ఫోర్కుకు చక్రాల పంపు పనికిరాదు. ఫోర్కులో గాలి గది చాలా చిన్నది, చక్రాల పంపు ఒక్క దెబ్బకు ఎంత ఎక్కుతుందో చెప్పలేం, తీసేటప్పుడు ఎంత పోతుందో అసలే చెప్పలేం. షాక్ పంపు సన్నగా ఉంటుంది, 300 పీఎస్‌ఐ దాకా కొడుతుంది. దాన్ని తీసేటప్పుడు వినిపించే బుస్సు శబ్దం పంపు గొట్టంలోని గాలిది, ఫోర్కుది కాదు. మళ్లీ తగిలించి చూస్తే ముల్లు తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే ఫోర్కులోని గాలి ఆ గొట్టం నింపడానికి పోయింది. లీకవుతోందని కంగారుపడి ప్రతిరోజూ తగిలించి చూసేవాళ్లు తామే గాలి తీసేస్తున్నట్టు గుర్తించరు.

చాలా ఫోర్కుల కాలి వెనక బరువు, ఒత్తిడి పట్టిక అంటించి ఉంటుంది. అది చెరిగిపోతే 70 కిలోల మనిషి 80 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టొచ్చు. ఫోర్కు మీద రాసిన గరిష్ఠ ఒత్తిడి మాత్రం దాటకూడదు. సగం గాలి కొట్టాక ఆగి, ఫోర్కును ఐదారుసార్లు కొంచెం కొంచెం నొక్కండి. లోపల కిందిగదిలోకీ గాలి సర్దుకుంటుంది, ముల్లు దిగుతుంది. మళ్లీ కొట్టండి. ఈ నొక్కడం మానేస్తే అంకె సరిగ్గా ఉన్నా ఫోర్కు మొదట్లో గట్టిగా తగులుతుంది.

తర్వాత శాగ్, అంటే మీరెక్కగానే ఫోర్కు ఎంత దిగుతుందన్న లెక్క. హెల్మెట్, బూట్లు, నీళ్ల సంచీ అన్నీ పెట్టుకోండి. లాకౌట్ తెరవండి. గొట్టం మీద రబ్బరు రింగుంటే దాన్ని, లేకపోతే సన్నటి కేబుల్ టై ఒకటి కట్టి దాన్ని, సీలు మీదికి దించండి. గోడ పట్టుకుని ఎగరకుండా ఎక్కి, పెడళ్ల మీద నిలబడి, దిగుడు దారిలో ఉన్నట్టు హ్యాండిల్ మీద బరువుంచండి. ఊపకుండా దిగండి. సీలుకూ రింగుకూ మధ్య దూరం స్కేలుతో కొలవండి. 100 మి.మీ. ఫోర్కులో 15 నుంచి 20 మి.మీ. రావాలి, 80 అయితే 12 నుంచి 16. ఎక్కువొస్తే 5 పీఎస్‌ఐ పెంచండి, తక్కువొస్తే 5 తగ్గించండి, మళ్లీ కొలవండి. గట్టు దారికి 20 వైపు, కొండ ఎక్కేవాళ్లకు 15 వైపు ఉంటే బాగుంటుంది. కాయిల్ ఫోర్కుకూ ఇదే కొలత. ప్రీలోడ్ అంతా బిగించినా 30 మి.మీ. దిగుతోందంటే ఆ స్ప్రింగు మీ బరువుకు కాదు. దాన్ని సరిచేసే నాబ్ ఏదీ లేదు.

రీబౌండ్ నాబ్ కుడి కాలి అడుగున ఉంటుంది, కుందేలు, తాబేలు బొమ్మలతో. తాబేలు వైపు పూర్తిగా తిప్పి, వెనక్కి తిప్పుతూ క్లిక్కులు లెక్కపెట్టి సగంలో ఆపండి. సైకిల్ పక్కన నిలబడి హ్యాండిల్ బలంగా నొక్కి చటుక్కున వదలండి. ముందు చక్రం నేల వదిలి లేస్తే రీబౌండ్ మరీ వేగం. పైకి వచ్చేది కంటికి బద్ధకంగా కనిపిస్తే మరీ నెమ్మది. గాలి పెంచిన ప్రతిసారీ ఒకటో రెండో క్లిక్కులు తాబేలు వైపు తిప్పాలి. ఎక్కువ గాలి ఎక్కువ వేగంగా తంతుంది కాబట్టి.

శాగ్ సరిగ్గా ఉన్నా మామూలు గుంతకే అడుగంటుతుంటే గాలి పెంచకండి. గాలిగదిలో టోకెన్ అనే ప్లాస్టిక్ బిళ్ల ఒకటి చేర్చండి. ఆఖరి భాగంలో మాత్రమే గట్టిపడుతుంది, మొదటి మెత్తదనం చెడదు. పైమూత విప్పేముందు వాల్వు పిన్ను నొక్కి గాలి మొత్తం వదలాలి. గాలి ఉండగా మూత విప్పితే ముఖం మీదికి ఎగురుతుంది.

నిర్వహణలో తేడా ఎక్కడొస్తుంది

తిరిగొచ్చిన ప్రతిసారీ మెత్తటి తడిగుడ్డతో గొట్టాలు తుడిచి, సీలు చుట్టూ వేలు తిప్పండి. వేలికి సన్నటి నూనె తడి అంటితే ఆరోగ్యం. పొడి దుమ్ము అంటితే లోపల నూనె పట్టి ఉంచే ఫోమ్ రింగులు ఎండుతున్నాయి. నల్లటి పేస్టు మందంగా అంటితే సర్వీసు వేళ దాటింది. మోటారు సైకిళ్ల వాటర్ సర్వీసింగ్‌కు సైకిల్ తీసుకెళ్లొద్దు, ఆ ఒత్తిడికి నీళ్లు సీలు పెదవి దాటి లోపలికి పోతాయి. డబ్ల్యూడీ-40 సీళ్ల మీద కొట్టొద్దు. కిర్రుమనడం ఆ పూటకు ఆగుతుంది, లోపలి గ్రీజు మాత్రం కడిగేసుకుపోతుంది.

కింది కాళ్లు ఊడదీసి శుభ్రం చేసే సర్వీసుకు తయారీదార్లు సాధారణంగా చెప్పే గడువు 50 గంటల సవారీ. వారానికి నాలుగు గంటలు తొక్కేవాళ్లకు అది మూడు నెలలు. మన వాతావరణానికి రెండుసార్లు తప్పనిసరి: వానలకు ముందు మే ఆఖరులో ఒకసారి, తుపాన్ల కాలం దాటాక డిసెంబరులో ఒకసారి. హుద్‌హుద్, తిత్లీ రెండూ అక్టోబరులో వచ్చినవే. నీళ్లలో మునిగిన సైకిల్‌కు గడువు చూడొద్దు, ఆ వారమే విప్పండి.

కాయిల్ ఫోర్కు సర్వీసు ఇంట్లో గంటన్నర పని. చక్రం, బ్రేకు కాలిపర్ తీసి, అడుగు బోల్టులు విప్పి, కింది కాళ్లు లాగితే వచ్చేస్తాయి. పాత గ్రీజు గోధుమరంగు బురదలా ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గొట్టాలు జారే లోపలి బుష్‌ల మీద, సీలు పెదవి లోపల సస్పెన్షన్ గ్రీజు రాయండి. బండి బేరింగులకు వాడే గ్రీజు కొన్ని రబ్బర్లను ఉబ్బేలా చేస్తుంది, దాన్ని దూరం పెట్టండి.

గాలి ఫోర్కు కూడా ఇంట్లో చేయొచ్చు, క్రమం తప్పకూడదు. ఒత్తిడి ఎంతో రాసుకుని గాలంతా వదలాలి. రీబౌండ్ నాబ్ లాగేసి, అడుగు బోల్టులు మూడు నాలుగు చుట్లే విప్పాలి. రాక్‌షాక్స్‌లో చాలావాటికి 5 మి.మీ. అలెన్ కీ సరిపోతుంది. బోల్టు తలమీద ప్లాస్టిక్ సుత్తితో తట్టితే లోపలి కడ్డీ వదులవుతుంది. కింద పళ్లెం పెట్టి, బోల్టులు తీసి కాళ్లు లాగండి. ఫోమ్ రింగులు తీసి పిండి కడిగి, కొత్త ఆయిల్లో నానబెట్టండి. కాళ్లు సగం ఎక్కించి, అడుగు రంధ్రం నుంచి సిరంజితో ఆయిల్ ఏటవాలుగా పోయండి, కడ్డీ బోలులోకి పోకుండా. ఎంత పోయాలన్నది ఆ మోడల్ మాన్యువల్‌లో ఒక్కో కాలికి మి.లీ.లలో ఉంటుంది, కంటి అందాజా వద్దు. ఎక్కువైతే కాలిలోపల గాలికి చోటు తగ్గి ఆఖరి ట్రావెల్ పోతుంది. బోల్టు బిగింపు రాక్‌షాక్స్‌లో సుమారు 7 న్యూటన్ మీటర్లు. అడుగు కాలు మెగ్నీషియం, చేతి బలమంతా పెడితే పగులుతుంది. వాషర్లు కొత్తవి వేయండి.

ఈ పని మొత్తంలో డిస్కు, బ్రేకు ప్యాడ్లు వేరే గదిలో ఉండాలి. ఒక్క చుక్క పడితే డిస్కును ఆల్కహాల్‌తో తుడవొచ్చు, ప్యాడ్లు మాత్రం మార్చాల్సిందే.

డాంపర్ (ఆయిల్‌తో కదలికను అదుపు చేసే భాగం) విప్పడం, గాలి స్ప్రింగు సీళ్లు మార్చడం తెలిసినవాళ్లకే అప్పగించండి. విజయనగరం నుంచి విశాఖ 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి నూరు పైమాటే. సైకిలంతా మోసుకెళ్లక్కర్లేదు, ఫోర్కు ఒక్కటి తీసి పంపొచ్చు. ఎప్పుడు పంపాలో ఇలా తెలుస్తుంది: ఒత్తిడి సరిగ్గానే ఉన్నా, మనిషి ఎక్కకుండానే ఫోర్కు రెండు సెంటీమీటర్లు దిగి ఉంటే, పైగదిలోంచి కిందిగదిలోకి గాలి జారుతోంది. ఎన్ని క్లిక్కులు తిప్పినా రీబౌండ్ మారకపోతే డాంపర్ ఆయిల్ పోయింది.

టకటక శబ్దం వస్తోందని ఫోర్కు మార్చేయడానికి తొందరపడకండి. హ్యాండిల్ పక్కకు తిప్పి, ముందు బ్రేకు నొక్కి, సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. ఒక చేతి వేళ్లు హెడ్‌సెట్ (ఫ్రేము మెడలో హ్యాండిల్ తిరిగే బేరింగు) అతుకు మీద ఉంచండి. కదలిక అక్కడ తెలిస్తే హెడ్‌సెట్ వదులు, ఐదు నిమిషాల్లో బిగుస్తుంది. వేళ్లు సీలు మీద పెట్టినప్పుడు కదలిక తెలిస్తే బుష్‌లు అరిగాయి. మధ్యరకం గాలి ఫోర్కుకు బుష్‌లు మార్పించడానికి అయ్యే ఖర్చు ముందే అడిగి తెలుసుకోండి. కాయిల్ ఫోర్కుకైతే ఆ ఖర్చు దండగ, ఆ డబ్బు గాలి ఫోర్కుకు కూడబెట్టండి.